జమ్ముగడ్డిలో, పొదల్లో దాక్కునే పిట్టల కోసం: మంజీర ఒడ్డున ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

మంజీరకు పిట్టలు చూడ్డానికి వెళ్లొచ్చినవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట చెబుతారు. కొంగలు కనిపించాయి, బాతులు కనిపించాయి, ఎండకు పడుకున్న మొసలి కూడా కనిపించింది, ఆ గడ్డిలో కూర్చుని అరుస్తున్న పిట్టేదో మాత్రం చిక్కలేదు అని. పెద్ద పక్షుల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాస్తున్నది అలా గడ్డిలో, పొదల్లో దాక్కుని చిక్కని చిన్న పిట్టల గురించి. వాటిని చూడాలంటే బయల్దేరే ముందే నాలుగైదు విషయాల్లో ఇదా అదా అని తేల్చుకోవాలి. ఒక్కోదాంట్లో నేనేది ఎంచుకుంటానో, ఎందుకో చెబుతాను.

చోటు తెలియనివాళ్ల కోసం ఒక మాట. సంగారెడ్డి దగ్గర కలబ్‌గూర్ వైపు వెళ్తే మంజీర బ్యారేజీ వస్తుంది. దానికి ఎగువన సింగూరు ప్రాజెక్టు. ఈ రెండింటి మధ్య సుమారు 36 కిలోమీటర్ల నదే మంజీర వన్యప్రాణి అభయారణ్యం. మగ్గర్ మొసళ్లను కాపాడటానికి 1978లో ప్రకటించారు. హైదరాబాద్‌కు తాగునీళ్లు ఇక్కణ్ణుంచి కూడా వెళ్తాయి. నది మధ్యలో పుట్టిగడ్డ, కర్ణంగడ్డ, సంగంగడ్డ లాంటి చిన్న చిన్న దీవులున్నాయి. వాటి చుట్టూ, ఒడ్డు వెంబడి జమ్ము, తుంగ దట్టంగా పెరుగుతాయి. దానికి ఇవతల తుమ్మలు, రేగు పొదలు, ఇంకా ఇవతల కానుగ, వేప, మర్రి. లోపల ఎంతవరకు వెళ్లనిస్తారో అటవీశాఖ సిబ్బందిని ముందే అడగండి. నీటి అంచుకు మాత్రం ఎవరు ఒప్పుకున్నా వెళ్లొద్దు. మొసళ్లున్న నది ఇది. జమ్ము పక్కన మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫోటో తీస్తున్న కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు గుండె జారిపోతుంది.

ముందు పిట్ట, తర్వాత చోటు

మన పాత పేర్లలో పొదల్లో దూరే చిన్న పిట్టలకు 'జిట్ట' అనే మాట తరచుగా కనిపిస్తుంది. ఆకులు కుట్టుకునేది లిక్కుజిట్ట, పొదల కింద పందిలా దూరిపోయే చిన్న బబ్లర్ పందిజిట్ట. పేరు పెట్టినవాళ్లు వాటిని ఎంత దగ్గరగా చూశారో ఆ పేర్లే చెబుతాయి. చలికాలంలో వచ్చే వలస జిట్టల్లో చాలావాటికి వాడుకలో తెలుగు పేర్లు లేవు. అందుకే వాటికి బర్డర్లు, అంటే పక్షులు చూసేవాళ్లు, పిలిచే ఇంగ్లిష్ పేర్లే వాడుతున్నాను.

నది ఒడ్డున మూడు రకాల తావులున్నాయి: జమ్ము, ముళ్లపొదలు, చెట్లు. ఒక పొద్దులో మూడూ చుట్టేద్దామనుకుంటే మూడింట్లోనూ చప్పుళ్లు విని ఇంటికి రావడమే అవుతుంది. ఏ పిట్ట కావాలో తేల్చుకుని, అది ఉండే తావులోనే పొద్దంతా గడపండి.

జమ్ములో దొరికేది క్లామరస్ రీడ్ వార్బ్లర్. సుమారు 19 సెంటీమీటర్ల పిట్ట, దాదాపు బుల్‌బుల్ అంత. గొంతు మాత్రం ఒంటికి మించినది. గరగరా, కీచుకీచుమంటూ, మధ్యలో కప్ప అరిచినట్టు ఆగకుండా వాగుతుంది. జమ్ము అడుగున బురద అంచుల్లో బ్లూత్రోట్ తిరుగుతుంది. ఉత్తరాన చలిదేశాల్లో గూడు కట్టి చలికాలానికి మన దగ్గరికి వస్తుంది. తోక నిక్కబొడుచుకుని నాలుగు అడుగులు పరుగెత్తి ఆగి, మళ్లీ జమ్ములోకి దూరిపోతుంది. తోక విప్పినప్పుడు తోక మొదలు దగ్గర ఇటుకరంగు పట్టీలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. గొంతు మీద నీలం మాత్రం చలికాలంలో మగవాటికి కూడా నిండుగా ఉండకపోవచ్చు. నీలం కోసమే చూస్తే పిట్ట ఎదురుగా నిలబడ్డా పోల్చుకోలేరు.

ఇక చాలామంది పొరబడేది బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ దగ్గర. పేరులో 'రీడ్', అంటే జమ్ములాంటి గడ్డి, ఉంది కదా అని జమ్ములో వెతుకుతారు. మన దగ్గర చలికాలంలో అది ఉండేది జమ్ములో కాదు. తుమ్మలు, రేగు పొదలు, కానుగ కొమ్మలు, చివరికి ఇంటి వెనక కరివేపాకు చెట్టు. 'చెక్... చెక్...' అని నాలుకతో కొట్టినట్టు ఒకే మాట, కొన్ని సెకన్లకోసారి. సంగారెడ్డి నుంచి హైదరాబాద్ వరకు, తుమ్మ పొద ఉన్న ప్రతి ఖాళీ జాగాలోనూ చలికాలంలో ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అంత మామూలుగా ఉండే పిట్టను జీవితంలో ఒక్కసారీ చూడనివాళ్లే ఎక్కువ. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకున్న ఎడ్వర్డ్ బ్లిత్ పేరు దానికి పెట్టారు.

చెట్ల పైభాగంలో గ్రీనిష్ వార్బ్లర్, రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ దొరుకుతాయి. వీటిని చూడటం అంత కష్టం కాదు, మెడ నొప్పి తట్టుకుంటే చాలు.

కొత్తవాళ్లకు నా సలహా: జమ్ముతో మొదలుపెట్టకండి. చూడ్డానికి అందంగా ఉంటుంది, దూరం నుంచి కెమెరాకు బాగుంటుంది. కానీ అక్కడ పిట్టకూ మీకూ మధ్య నీళ్లుంటాయి, మీరు దగ్గరికి వెళ్లే వీల్లేదు. గాలి వీచినప్పుడల్లా గడ్డి అంతా కదిలి పిట్ట కదలిక అందులో కలిసిపోతుంది. ముళ్లపొదల్లో అయితే ఒక పొదను ఎంచుకుని పది అడుగుల దూరంలో కూర్చోవచ్చు. మొదటి రెండు మూడు పొద్దులు అక్కడ గడపండి. చెవి కుదిరాక జమ్ముకు వెళ్లండి.

చలికాలమా, తొలకరా?

సంక్రాంతి చుట్టూ వెళ్తే రకాలు ఎక్కువ. వలస పిట్టలన్నీ వచ్చేసి స్థిరపడి ఉంటాయి. పొద్దున నది మీద మంచు, ఎండ మెల్లగా ఎక్కుతుంది, పది దాకా హాయిగా ఉండొచ్చు. ఇబ్బంది ఒక్కటే. వలస వచ్చిన పిట్టలు ఆ రోజుల్లో పెద్దగా పాడవు. ఉత్త పిలుపులే. ఒక 'చెక్', ఒక 'టక్', ఒక 'ట్ర్ర్'. కొత్త చెవికి అన్నీ ఒకేలా ఉంటాయి.

తొలకరికి వెళ్తే కథ తిరగబడుతుంది. వలస పిట్టలు ఉండవు, మన పిట్టలు గొంతు విప్పుతాయి. గడ్డి మీద జిట్టింగ్ సిస్టికోలా గాలిలో ఎగిరిపడుతూ 'జిట్ జిట్' అంటుంది. యాషీ ప్రీనియా ఎగిరినప్పుడు రెక్కల దగ్గర చిటికెలు వేసినట్టు చప్పుడు చేస్తుంది. గిజిగాళ్లు నీటి మీదకు వంగిన తుమ్మలకు గూళ్లు కడతాయి. పాడే పిట్ట తనంతట తానే పైకొచ్చి కూర్చుంటుంది కాబట్టి చూడటం తేలిక. కానీ ఉక్క, దోమలు, ఎప్పుడు వాన పడుతుందో తెలియని ఆకాశం. ఇంకోటి, అవి గూళ్లు కట్టే రోజులు. దగ్గరికి వెళ్లకూడదు, ఎక్కువసేపు ఒక్కచోటే పాతుకుపోకూడదు.

నన్ను అడిగితే ఈ రెండింటికీ మధ్యలో ఉంది అసలు కాలం. ఉగాది అటూ ఇటూ, అంటే మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ మధ్య వరకు. ఎండ అప్పటికే ముదురుతుంది, ఎనిమిదిన్నరకల్లా తిరుగుముఖం పట్టాలి. అయినా అప్పుడే వెళ్లమంటాను. ఎందుకంటే చలికాలమంతా 'చెక్' తప్ప మాట్లాడని బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ తిరుగు ప్రయాణానికి ముందు పాట సాధన మొదలుపెడుతుంది. తుమ్మ పొదలో కూర్చుని ఒక ముక్క అంటుంది, దాన్నే రెండుసార్లు, మూడుసార్లు తిప్పి అంటుంది, మధ్యలో తన 'చెక్ చెక్' కలుపుతుంది, ఇంకో ముక్కకు వెళ్తుంది. సంగీతం నేర్చుకునే పిల్ల ఒక్క సంగతినే పదిసార్లు పలికినట్టు. వేల కిలోమీటర్ల అవతల పాడాల్సిన పాటను మన సర్కారు తుమ్మల్లో కూర్చుని సరిచూసుకుంటుంది. ఆ పాట విన్న పొద్దు నేను మరిచిపోలేను.

నడవాలా, కూర్చోవాలా?

ఇక్కడ నాకు రెండో ఆలోచన లేదు. కూర్చోండి.

నడిస్తే ఎక్కువ రకాలు కనిపిస్తాయి, నిజమే. నాలుగు కిలోమీటర్లు తిరిగి యాభై పేర్లు రాసుకునేవాళ్లను నేను తప్పుపట్టను. ఏ పక్షులు ఎన్ని ఉన్నాయో లెక్క తేల్చాలంటే అలాగే నడవాలి. కానీ పొదలో దాక్కునే పిట్ట మీరు చూడకముందే మిమ్మల్ని చూస్తుంది. మీరు ఆగేసరికి అది పొదకు అవతలి వైపు ఉంటుంది.

ఒక డిసెంబరు పొద్దున, ఆరున్నరకు, ఒడ్డుకు కాస్త ఎడంగా ఉన్న ఒక తుమ్మ పొద ముందు కూర్చున్నాను. వీపు ఒక రాయికి ఆనించి, సూర్యుణ్ని వెనక పెట్టుకుని. మొదటి పది నిమిషాలు ఏ చప్పుడూ లేదు. తర్వాత పొద అడుగున కుడివైపు 'చెక్'. కొంచెంసేపటికి ఇంకొకటి, జానెడు పైన. ఆకు కదిలిందా అంటే లేదు. బైనాక్యులర్ కళ్ల దగ్గరే పెట్టుకుని వెతకడం తప్పని నాకు అప్పటికి తెలిసింది. దాన్ని దించేసి ఉత్త కళ్లతో పొద మొత్తాన్ని ఒక్కసారిగా చూస్తూ కూర్చున్నాను. ఇరవై అయిదో నిమిషంలో ఒక్క రెమ్మ, గాలి లేకుండా, కిందికి వంగింది. అప్పుడు పెట్టాను బైనాక్యులర్. గోధుమ, ఆలివ్ కలిసిన రంగు, లేత గొంతు, సన్నటి పొడుగాటి ముక్కు, కంటికీ ముక్కుకూ మధ్య పొట్టి లేత గీత. ఆకు అడుగుకు మెడ చాచి ఏదో పురుగును ఏరుకుని, మింగి, ఒకసారి తోక విదిలించి 'చెక్' అంది. ముక్కు తెరుచుకోవడం కనిపించింది. ఆ చప్పుడు చేసేది ఆ పిట్టేనని అప్పటిదాకా నాకు పుస్తకాలు చెప్పాయి. ఆ రోజు నేను చూశాను. మొత్తం ఆరేడు సెకన్లు. తర్వాత ఇంకో అరగంట కూర్చున్నా పిలుపులు తప్ప పిట్ట కనిపించలేదు.

అందుకే చెబుతున్నాను, ఒక పొదకు కనీసం నలభై నిమిషాలు ఇవ్వండి. ఎండ ముందు తాకే వైపున్న పొదను ఎంచుకోండి. చలి పొద్దుల్లో పురుగులు ముందు కదిలేది అక్కడే, పురుగు కదిలిన చోటికే పిట్ట వస్తుంది. మెరిసే రంగుల బట్టలు వద్దు. రంగు కన్నా కదలిక ఎక్కువ చేటు చేస్తుంది. చెయ్యి ఎత్తినా నెమ్మదిగా ఎత్తండి.

8×42, 10×42, 8×32

కొత్తగా బైనాక్యులర్ కొనేవాళ్లు పెద్ద అంకె చూసి మోసపోయేది ఇక్కడే. నేనూ మొదట్లో నగరంలో ఒక దుకాణంవాళ్లు చెప్పింది నమ్మి 12×50 కొన్నాను. 'ఎంత పెద్దదైతే అంత దగ్గరగా కనిపిస్తుంది సార్' అన్నారు. దూరంగా నీటి మీద బాతులకు బాగానే ఉంది. పొద ముందు కూర్చుంటే మాత్రం పనికిరాలేదు. పది అడుగుల్లోని పిట్ట మీద ఫోకస్ కుదరదు, బరువుకు చేతులు వణుకుతాయి, కనిపించే వైశాల్యం చిన్నది కావడంతో పిట్ట ఏ కొమ్మ మీద ఉందో దొరకదు. రెండు చలికాలాలు అలాగే పోయాయి. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అంకెల లెక్క ఇది. మొదటిది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం ఎంతో వస్తుంది. 8×42కు 5.25, 10×42కు 4.2, 8×32కు 4 మిల్లీమీటర్లు. తెల్లవారుజామున పొద నీడలో ఈ తేడా కళ్లకు తెలుస్తుంది. 8 రెట్లదానిలో కనిపించే వైశాల్యం కూడా మామూలుగా 10 రెట్లదానికన్నా ఎక్కువ. వంగిన రెమ్మను ఉత్త కళ్లతో చూసి, అక్కడికే బైనాక్యులర్ తిప్పితే పిట్ట అందులో ఉండాలి. ఆ పనికి 8 రెట్లదే మేలు.

కాబట్టి పొదల పిట్టలకు, నది ఒడ్డుకు, మొదటిసారి కొనేవాళ్లకు 8×42. దూరపు దీవుల మీద కొంగలూ బాతులూ కూడా మీకు ముఖ్యమైతే, చెయ్యి నిలకడగా ఉంటుందనుకుంటే 10×42 తీసుకోండి. పెద్దవయసువాళ్లకు, మెడనొప్పి ఉన్నవాళ్లకు 8×32 తేలిక. తెల్లవారి తొలి అరగంట కాస్త మసగ్గా కనిపిస్తుంది, అంతే. ఏది కొన్నా దుకాణంలోనే ఒక పరీక్ష చెయ్యండి. రెండు మీటర్ల దూరంలో ఏదైనా పెట్టి దాని మీద అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపించకపోతే ఎంత మంచి పేరున్నదైనా ఈ పనికి వద్దు.

కెమెరా తేవాలా అంటే, మొదటి ఏడాది వద్దంటాను. పిట్ట కనిపించే ఆ ఆరు సెకన్లూ మీటలు నొక్కడానికే సరిపోతాయి.

ఫోన్ చెవా, మన చెవా?

కార్నెల్ పక్షిశాస్త్ర ల్యాబ్‌వాళ్ల మెర్లిన్ యాప్‌లో చప్పుడు విని పేరు చెప్పే సౌకర్యం 2021లో వచ్చింది. మంచి పనిముట్టే. తొలకరిలో నిండుగా పాడే పిట్టల దగ్గర నాకు బాగా పనికొచ్చింది. చలికాలంలో ఒక్క 'చెక్' దగ్గర మాత్రం దాన్ని పూర్తిగా నమ్మను. ఒంటిమాట పిలుపులు చాలా పిట్టలవి దగ్గరదగ్గరగా ఉంటాయి. నీటి పంపు మోత, పక్క పొలంలో ట్రాక్టర్ కలిస్తే ఇంకా కష్టం.

రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే మన చెవినే ఎంచుకుంటాను. యాప్‌ను రెండో అభిప్రాయంగా వాడండి. ముందు మీరు విని ఇది ఫలానా అని మనసులో అనుకోండి, ఆ తర్వాత ఫోన్ తియ్యండి. అది చెప్పిన పేరును కళ్లతో చూసేదాకా పుస్తకంలో రాసుకోవద్దు. రెండు అరచేతులూ చెవుల వెనక దొప్పల్లా పెట్టుకుని తలను నెమ్మదిగా తిప్పితే చప్పుడు ఏ దిక్కునుంచో తేలుతుంది. ఫోన్ ఆ పని చెయ్యదు.

ఫోన్‌లో పిట్ట పాట పెట్టి వినిపించి బయటికి రప్పించడం ఒక పద్ధతని కొందరు అంటారు. దయచేసి చెయ్యకండి. గూడు కాచుకునే పిట్ట తన హద్దులోకి ఇంకోటి వచ్చిందనుకుని తిండీ పిల్లలూ వదిలేసి బయటికొస్తుంది. మీకు ఫోటో దొరుకుతుంది. గూట్లో పిల్లలకు ఆ పూట మేత అందదు.

మంజీరా, అనంతగిరా?

పొన్నంకి కోసం మంజీరకు వెళ్లాలనుకునేవాళ్లు ఉంటారు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు, గోధుమ, ఇన్ని రంగులు ఒంటి నిండా ఉండి కూడా ఎండుటాకుల్లో కలిసిపోయే పిట్ట అది. రోహిణి కార్తె చివర, మృగశిర మొదట్లో మన ప్రాంతం మీదుగా ఉత్తరానికి వెళ్తుంది. వానాకాలం అయ్యాక తిరిగొస్తుంది. అలసిపోయి ఊళ్లలో ఇళ్ల పెరళ్లలో దిగినవీ ఉన్నాయి. పొద్దునా సాయంత్రం చీకటి వెలుగుల వేళ రెండు స్వరాల ఈల వేస్తుంది. తమిళులు దాన్ని ఆరు గంటల పిట్ట అని పిలవడం అందుకే. నది ఒడ్డున పొన్నంకి కనిపించొచ్చు కానీ దానికి కావలసింది నీడ, రాలిన ఆకులు, మెత్తని నేల. దాని కోసమైతే వికారాబాద్ అనంతగిరి కొండలకే వెళ్లండి. మూసీ పుట్టే ఆ లోయల్లో ఆకులు తిరగేసి మేసే ఆరెంజ్ హెడెడ్ థ్రష్, పఫ్ త్రోటెడ్ బబ్లర్ కూడా ఉంటాయి. ఆదివారాలు గుడికొచ్చేవాళ్లతో, విహారానికి వచ్చేవాళ్లతో రద్దీగా ఉంటుంది. వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టగలిగితేనే వెళ్లండి. కుదరకపోతే మంజీరే మేలు. నగరం దాటి ఎక్కడికీ వెళ్లలేనివాళ్లు కేబీఆర్ పార్కులో పొద్దున ఆరింటికి చెట్లపై పిట్టల దగ్గర చెవి సాధన మొదలుపెట్టొచ్చు. నడిచేవాళ్ల మాటల మధ్యే అనుకోండి.

ఒంటరిగా వెళ్లాలా, గుంపుతోనా అని కూడా అడుగుతుంటారు. హైదరాబాద్‌లో 1980 నుంచి పక్షిప్రేమికుల సంఘం ఉంది. అప్పట్లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్. మొదటి రెండు మూడుసార్లు అలాంటివాళ్లతో వెళ్లండి. ఏ పిలుపు ఏ పిట్టదో పక్కనున్నవాళ్లు వేలెత్తి చూపిస్తే ఏడాదిలో నేర్చుకునేది ఒక పొద్దులో వస్తుంది. ఆ తర్వాత పొద ముందు కూర్చోవడానికి ఇద్దరికి మించి వద్దు, ఒక్కరే కూడా వద్దు. ఒక్కరే వద్దని ఎందుకంటున్నానంటే, నది ఒడ్డు కాబట్టి. పాములుంటాయి, మొసళ్లుంటాయి, కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు.

వచ్చే డిసెంబరులో మీకు ఒక్క పొద్దే దొరికిందనుకుందాం. ఆరుంబావుకల్లా ఒడ్డుకు చేరండి. జమ్ము వైపు దూరం నుంచే ఓ పావుగంట చూసి, బురద అంచు మీద బ్లూత్రోట్ పరుగెడుతుందేమో వెతకండి. తొలి వెలుగులో అది ధైర్యంగా బయటికొస్తుంది. ఆరుముప్పావుకు ఎండ తాకిన తుమ్మ పొద ముందుకు వచ్చేసి, 8×42ను ఒళ్లో పెట్టుకుని, ఫోన్ సైలెంట్‌లో పెట్టి కూర్చోండి. పొద అడుగున మొదటి 'చెక్' వినిపించాక గడియారం చూసుకోవద్దు.